మౌస్ ఎందుకు ఎగిరిపడింది

"మౌస్ బాగానే ఉందండీ. మీ చెయ్యే వణుకుతోందేమో," అన్నాడు మెకానిక్.

అతన్ని పిలిపించిన అమ్మాయికి ఒళ్లు మండిపోయింది. పిల్లల పుస్తకాల్లోని బొమ్మలకు కంప్యూటర్లో రంగులద్దడం ఆమె పని. మొదటిసారి ఓ పెద్ద పుస్తకం చేతికొచ్చింది. రేపు సాయంత్రానికల్లా ప్రెస్‌కి పంపాలి. ఇక్కడేమో ఏనుగుకు రంగు వేస్తుంటే తెర మీద బాణం గుర్తు ఎగిరిపడి, బూడిద రంగంతా ఆకాశానికి పూసేస్తోంది.

"చెయ్యి వణికితే రోజంతా వణకాలిగా. ఉన్నట్టుండి కాసేపు వణికి, ఎందుకు ఆగిపోతుంది?"

అతను సంచి సర్దుతున్నవాడల్లా ఆగి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నిజమే. ఏదీ, మళ్లీ వెయ్యండి."

వేసింది. మౌస్ బుద్ధిగా నడిచింది.

"కొత్తవాళ్లుంటే ఎంత వినయమో. అచ్చం నీలాగే," అంది పక్కగదిలోంచి అమ్మమ్మ.

అతను నవ్వాపుకుని లేచాడు. "ఈసారి ఎగిరినప్పుడు టైమ్ రాసిపెట్టండి. ఆ క్షణాన చుట్టుపక్కల ఏం నడుస్తోందో కూడా."

ఆమె రాసింది. ఫ్యాన్ వేసి చూసింది, ఏమీ కాలేదు. ఫోన్ మోగించి చూసింది, ఏమీ కాలేదు. చేసిన బొమ్మల్ని, బయట వైరుతో తగిలించిన హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయబోయిందో లేదో, బాణం గంతులేసింది. కాపీ ఆపితే కుదురుగా నిలబడింది. పదిసార్లు చేసినా అంతే. కాపీలు ఆపేసి, ఏనుగుల పని పట్టింది. మర్నాడు మధ్యాహ్నానికి పుస్తకం ప్రెస్‌కి వెళ్లిపోయింది.

అప్పుడు అతనికి ఫోన్ చేసింది.

"హార్డ్ డిస్కేనండీ. పదిసార్లు చేసి చూశాను, రాసిపెట్టాను."

"అయితే దొంగ దొరికినట్టేగా?"

"దొరికాడు. ఎందుకు చేశాడో తెలియట్లేదు. ఒకసారి రాగలరా?"

సన్నటి వానలో తడుస్తూ వచ్చాడు. కంప్యూటర్ వెనక్కి వంగి, వైరు లేని ఆ మౌస్ సిగ్నల్ అందుకునే చిన్న రిసీవర్‌ను, దాన్ని ఆనుకునే ఉన్న హార్డ్ డిస్క్ వైరును చూపించాడు.

"మౌస్ దీంతో రేడియోలో మాట్లాడుతుంది. కాపీ నడుస్తున్నప్పుడు ఆ వైరు దగ్గర కూడా అలాంటి సిగ్నలే లేస్తుంది. చెవి పక్కన గోల చేస్తుంటే ఫోన్‌లో మాట వినపడుతుందా? ఇదీ అంతే."

రిసీవర్‌ను పొడుగాటి వైరుకు తగిలించి, మౌస్ ఎదురుగా బల్ల మీద పెట్టాడు. కాపీ మొదలుపెట్టి చూశారు. బాణం ఒక్క గంతేస్తే ఒట్టు.

"నిన్న మీ మాట సరిగా వినకుండానే చెయ్యి వణుకుతోందన్నాను. తప్పు నాదే," అన్నాడు.

ఆమె అతని తడిసిన చొక్కా వంక చూసింది. "ఇదంతా ఫోన్‌లో చెప్తే సరిపోయేదిగా. నేను రమ్మంటే మాత్రం ఈ వానలో ఎందుకొచ్చారు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "పదిసార్లు చేసి చూశానన్నారుగా. ఆ రాసిన కాగితం చూద్దామని. రాసిన మనిషిని ఇంకోసారి చూద్దామని కూడా."

ఆమె కాగితం అతని ముందుకు జరిపింది. "ఫోన్‌లో అడిగితే సరిపోయేదని నాకూ తెలుసు," అంది మెల్లగా.

అమ్మమ్మ రెండు కప్పుల టీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మీ ఇద్దరికీ ఇవాళ తెలిసిందా? నాకు నిన్ననే తెలుసు. కూర్చో బాబూ, వాన తగ్గేలా లేదు."