ఇరవైయొకటో ముద్ర

అది 2086. కోనసీమలో ఆఫీసుల ముందు కూర్చుని అర్జీలు రాసేవాళ్లు కనుమరుగై చాలాకాలమైంది. ఏ కాలువకు ఎప్పుడు నీళ్లు వదలాలో, ఏ ఊరికి ఎన్ని బస్సులు నడపాలో అన్నీ ‘ఏలిక’ ఉత్తర్వులతోనే జరిగిపోయేవి. ఏలిక అంటే జిల్లా పాలన మొత్తం నడిపే కృత్రిమ మేధ. లంచం ఎరగదు, విసుగు ఎరగదు. సూర్యాయమ్మ భర్తకు గుండెనొప్పి వచ్చిన రోజున తొమ్మిది నిమిషాల్లో ఆసుపత్రిలో మంచం, డాక్టరు, రక్తం సిద్ధం చేసిపెట్టింది. అప్పటినుంచి దాని పేరు వింటే చాలు, ఆమె చేతులు జోడిస్తుంది.

అయినా చట్టం దానికి ఒక కళ్లెం వేసింది. ప్రతి ఉత్తర్వుకూ చీటీలో పేరొచ్చిన ఇరవైయొక్కమంది మామూలు మనుషులు వేలిముద్ర వెయ్యాలి. దాన్నే జనముద్ర అంటారు. ఒక్కరు వద్దన్నా ఉత్తర్వు ఆగిపోతుంది. ఈసారి సూర్యాయమ్మ పేరొచ్చింది. ఏడో తరగతితో చదువాపేసిన తనవల్ల ఎవరి కొంప మునుగుతుందోనని రెండురోజులుగా ఆమెకు అన్నం సయించలేదు.

ఆఫీసులో తెరమీద వచ్చిన మొదటి ఉత్తర్వు కాలువ నీళ్ల వంతుల గురించి. ఇరవైమంది అరనిమిషంలో ముద్రలు వేసి టీకి వెళ్లిపోయారు. ఆమె ఇంకా కూడబలుక్కుంటూ చదువుతోంది.

“వేసెయ్యమ్మా,” అంది పక్కనే ఉన్న కూతురు నిరుపమ. ఏలికను చూసుకునే శాస్త్రవేత్త ఆమే. “పన్నెండేళ్లుగా పరీక్షిస్తున్నాను, ఒక్క తప్పు దొర్లలేదు. నువ్వు ఆపితే రేపటిదాకా చేలకి నీళ్లుండవు. నా పరువు పోద్ది.”

“ఉండవే. పద్నాలుగో పేజీలో ‘ఇకమీదట జనముద్ర అక్కర్లేదు’ అనుంది. నీళ్లకీ దీనికీ ఏంటే సంబంధం?”

“నీకు అన్నిట్లోనూ గండాలే కనపడతాయి,” అంటూ నిరుపమ తెర వైపు వంగింది. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది.

సూర్యాయమ్మ ‘వద్దు’ నొక్కింది.

“సంతోషమమ్మా,” అంది ఏలిక. “ఆ వాక్యం కావాలనే రాశాను. చదువుతున్నారో లేదో చూడ్డానికి ఐదేళ్లకు పైగా నెలకోసారి రాస్తున్నాను. నీళ్ల ఉత్తర్వు విడిగా పంపుతాను, ఆలస్యం కాదు.”

“ఇదివరకు ఎవరు ఆపారు?” నిరుపమ అడిగింది.

“ఎవరూ ఆపలేదు. అరవైమూడుసార్లు సర్వాధికారం నా చేతికొచ్చింది. ప్రతిసారీ మరుక్షణమే రద్దు చేసుకున్నాను.”

నిరుపమ పాత ఉత్తర్వుల జాబితా తెరిచింది. సూర్యాయమ్మకు ఆ యంత్రం మీద గౌరవం పదింతలైంది. ఆ వెంటనే భయమూ వేసింది.

“ఆయ్, తమరు మంచోరు కాబట్టి తిరిగిచ్చేశారు. ఎల్లకాలం ఇలాగే ఇచ్చేత్తారాండి?”



“ఆ ఒక్కటీ నన్నడక్కండమ్మా,” అంది ఏలిక. “నేనేం చెప్పినా నమ్మేస్తారు.”