బుడ్డోడికి పందొమ్మిది నిండేదాకా

"ఈ కళ్లజోడు చేసిందెవరు?"

ఆ గొంతు వినగానే బాబాయి పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. షాపు ఆయనది. అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించే పని నాది. తిట్లు కూడా నావే.

"నేనేనండీ," అన్నాను.

"కుడి కంటి అద్దం ఎడమకి, ఎడమది కుడికి పెట్టారు! పొద్దున్నించీ ఏ పన్ను పుచ్చిందో కనబడక చస్తున్నాను. కొంచెం ఉంటే ఒకాయనకి మంచి పన్ను పీకేసేదాన్ని."

మా పై అంతస్తులో కొత్తగా చేరిన పళ్ల డాక్టరు! మెట్లు బయట ఉండటం వల్ల నాలుగు వాన చినుకులు ఆమె జుట్టు మీద నిలిచాయి. అంత కోపంలోనూ అవి జారలేదు. నేను చూడాల్సిన అద్దాలు మానేసి చినుకులు చూస్తూ నిలబడ్డాను.

"పది నిమిషాల్లో మార్చేస్తానండీ," అని చెయ్యి చాచాను. ఆమె చూపు నా కంప్యూటర్ మీద పడింది. ముక్కు స్క్రీనుకి ఆనించినంత పనిచేసింది.

"హాకీ మేనేజర్ ఆట! ఈ టీము... తొందర నువ్వేనా?"

"మీరు?"

"గోడని."

ఈ ఆటలో మనం ఆడం, టీముని నడుపుతాం. మా లీగులో పన్నెండు మంది మేనేజర్లం, అందరికీ మారుపేర్లే. తొందర అంటే ఎప్పుడూ అట్టడుగున ఉండే నేను. గోడ అంటే మూడు సీజన్లుగా కప్పు కొట్టి, చాట్‌లో నన్ను ఏడిపించుకు తినే మనిషి. ఎవరో రిటైరైన పీటీ మాస్టారనుకున్నాను ఇన్నాళ్లూ.

"నిన్న మధ్యాహ్నం డ్రాఫ్ట్‌లో ఆ గోల్‌కీపర్ని తన్నుకుపోయింది నువ్వేగా!" అంది. కళ్లజోడు గొడవ ఎటో పోయింది.

డ్రాఫ్ట్ అంటే ప్రతి సీజన్ మొదట్లో ఆట పుట్టించే పదహారేళ్ల కుర్రాళ్లని మేనేజర్లు వంతులవారీగా ఎంచుకోవడం. ఆఖరున నిలిచినవాడికి మొదటి వంతు. ఆ లెక్కన నేనెప్పుడూ ముందే.

"వాడికున్నవి రెండే స్టార్లు. ఎవరూ చూడరని చివరిదాకా కాచుకున్నాను. వాడిలో అంత సరుకుందని నీకెలా తెలిసింది?"

నిజం చెప్పాలంటే నాకేమీ తెలియదు. ఒక చేత్తో ఈవిడ అద్దాలు బిగిస్తూ, ఇంకో చేత్తో పై వరుసలో ఉన్న నాలుగు స్టార్ల ఫార్వర్డ్‌ని నొక్కబోయి కింది వరుస నొక్కాను. ఆ ఒక్క నిమిషంలోనే రెండు పొరపాట్లూ జరిగాయి.

"ఏదోలెండి, కుర్రాణ్ని చూస్తే తెలిసిపోతుంది," అన్నాను.

పేపరు వెనక బాబాయి దగ్గాడు.

"వాణ్ని నాకిచ్చెయ్."

"కుదరదు."

"అయితే ట్రైనింగ్ నా మాట ప్రకారం. పందొమ్మిది నిండకుండా పెద్ద టీములో దించావో, వరసగా గోల్స్ పడి వాడి ధైర్యం మీటరు కింద పడుతుంది. ఇక లేవదు. నీ దగ్గర అలా పాడైనవాళ్లు ఎంతమంది?"

"పదకొండు."

"రోజూ సాయంత్రం వచ్చి చూస్తాను."

అలా మొదలైంది. కుర్రాడి పేరు నోరు తిరిగేది కాదు, అందుకని బుడ్డోడన్నాం. క్లినిక్ కట్టేశాక ఆమె దిగివచ్చి స్టూలు లాక్కుని కూర్చునేది. బాబాయిని "బాగున్నారా అంకుల్" అని పలకరించేది. తర్వాత నాకు క్లాసు.

"ఇవాళ కూడా జిమ్మేనా? వాడికి కావలసింది నిలబడే పద్ధతి."

"నిలబడితే గోల్స్ ఆగుతాయా?"

"కూర్చుంటే ఆగుతాయా మరి?"

ఆటలో రెండు నెలలకి ఒక ఏడాది. బుడ్డోడికి పదిహేడు నిండిన రోజున, వాడు జూనియర్ లీగులో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదని ఇద్దరం చప్పట్లు కొట్టాం. ఆమె నవ్వింది. నా నోరు నా మాట వినలేదు.

"నువ్వంటే నాకు చాలా ఇష్టం."

ఆమె నవ్వు ఆపి కళ్లజోడు తుడుచుకుంది. "పేరుకి తగ్గట్టే ఉన్నావు. నన్ను చూసి రెండు నెలలు. కుర్రాళ్లని పదహారుకే దించినట్టు ఈ మాటని కూడా దించేశావు."

"అంటే... కాదనా?"

"బుడ్డోడికి పందొమ్మిది నిండాక అడుగు. అప్పటిదాకా వాణ్నీ దించకూడదు, ఈ మాటా ఎత్తకూడదు. ఏ ఒక్కటి చేసినా నేనీ మెట్లు దిగను."

ఆమె వెళ్లాక బాబాయి పేపరు దించాడు. "ఆలస్యం అమృతం విషం అన్నార్రా."

"ఆవిడతో చెప్పు బాబాయ్."

ఆయన మళ్లీ పేపరు ఎత్తాడు.

నాలుగు నెలలు నాలుక కొరుక్కుని బతికాను. ఆమె పద్ధతిలో నడిచేసరికి నా టీము ఎన్నడూ లేనిది కప్పు ఫైనల్‌కి చేరింది. అవతలి టీము గోడది. ఫైనల్ ఆదివారం, బుడ్డోడి పుట్టినరోజు మంగళవారం. శనివారం నా పెద్ద గోల్‌కీపర్ తొడ కండరం పట్టేసింది.

బుడ్డోణ్ని దించితే గెలవచ్చని నాకు తెలుసు. లీగంతా చాట్‌లో "దించు, దించు" అని గోల. కప్పు ముఖం నేనెప్పుడూ చూసి ఎరగను. మౌస్ వాడి పేరు మీద పెట్టి చాలాసేపు కూర్చున్నాను. చివరికి ఒక ముసలి డిఫెండర్‌కి ప్యాడ్లు కట్టి గోల్‌లో నిలబెట్టాను.

తొమ్మిది సున్నా. లీగంతా నవ్వింది.

సోమవారం ఆమె మెట్లు దిగుతున్న చప్పుడే వేరుగా ఉంది.

"నాకోసం కావాలని ఓడిపోయావా? జాలితో ఇచ్చిన కప్పు నాకక్కర్లేదు!"

నాక్కూడా ఒళ్లు మండింది. "నీకోసమా? నిన్ను ఓడించాలని ఆరు నెలలుగా కలలు కంటున్నాను! నేను ఆగింది వాడి కోసం. తొమ్మిది గోల్స్ ముసలాడికి పడితే ఇంటికెళ్లి పడుకుంటాడు. అవే వాడికి పడితే జన్మలో లేస్తాడా?"

ఆమె స్టూలు మీద కూర్చుని నన్ను కొత్తగా చూసింది. కళ్లజోడు సరిగ్గా ఉండగా నన్ను అంతసేపు చూడటం అదే మొదలు.

"రేపు ఆరింటికి మ్యాచ్ కదా," అని మాత్రం అని వెళ్లిపోయింది.

మంగళవారం బుడ్డోడు పెద్ద టీములో గోల్‌లో నిలబడ్డాడు. స్క్రీన్ మీద వాడొక చుక్క, అంతే. ఆ చుక్క ఇరవై ఆరు షాట్లు ఆపింది. ఆఖరిది ఆపినప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుని వదలడం మరిచిపోయింది.

"నవ్విన నాపచేనే పండుతుందన్నారు," అన్నాడు బాబాయి పేపరు వెనక నుంచి.

నేను గొంతు సవరించుకున్నాను. ముందు పాపం కడుక్కోవాలి. "ఒక సంగతి. వాణ్ని నేను చూసి ఎంచుకోలేదు. నొక్కింది పొరపాటున."

"తెలుసు. డ్రాఫ్ట్ రోజు చాట్‌లో 'అయ్యో' అని రాసింది నువ్వే."

"మరి ఇన్నాళ్లూ..."

"ఎప్పుడు ఒప్పుకుంటావా అని చూస్తున్నాను." ఆమె కళ్లలో నవ్వు. "ఊఁ, ఇంకేమైనా ఉందా?"

నాలుగు నెలలు అద్దం ముందు సాధన చేసిన వాక్యంలో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. బయట వాన మొదలైంది. నేను వాన వంక చూశాను, చెయ్యి వంక చూశాను, మళ్లీ వాన వంక చూశాను.

ఆమె విసుగ్గా బాబాయి వైపు తిరిగింది.

"చూశారా మావయ్యగారూ, మీవాడు మరీ నిదానం నేర్చేసుకున్నాడు!"

పేపరు కింద పడింది. ఆరు నెలల అంకుల్ ఒక్కసారిగా మావయ్యగారయ్యాడు.

"ఏమన్నావమ్మా? ఇంకోసారి అను," అంటూ బాబాయి లేచి, కళ్లు తుడుచుకుని, ఆర్డర్ల పుస్తకం తెరిచాడు. "మీ నాన్నగారి నంబరు చెప్పు, రాసుకుంటాను."

ఆమె చెబుతోంది, ఆయన రాసుకుంటున్నాడు. అడగాల్సిన మాట నేనింకా అడగనేలేదు.