మేబులమ్మకి వన్స్ మోర్

అప్పట్లో యానాంలో పొద్దుగూకాక అగ్రహారం అడ్డదారిలో వెళ్లమంటే ఎవరూ వెళ్లేవారు కాదు. ఆటోవాళ్లు కూడా చుట్టూ తిరిగి మెయిన్‌రోడ్డు మీదుగానే తీసుకెళ్లేవారు. ఎందుకంటే ఆ దారిలో దొరసాని బంగళా ఉంది.

ఉంది అంటే — గోడలున్నాయి. పైకప్పు తొంభై ఆరు తుఫానుకి ఎగిరిపోయింది. కరెంటు లేదు, తలుపుల్లేవు, మనిషన్నవాడు లేడు. కానీ కొన్ని రాత్రుళ్లు లోపల్నుంచి ఆడగొంతు వినిపించేది. మన పాట కాదు, తెల్లవాళ్ల పాట. మెల్లగా మొదలై... మెట్టు మెట్టూ ఎక్కి... పైకి, ఇంకా పైకి వెళ్లి... ఠక్కున విరిగిపోయేది. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం.

ఆ పాట చివరిదాకా విన్నవాడు తెల్లారేసరికి బతికుండడని ఊళ్లో గట్టిగా చెప్పేవారు. విన్నవాడు పోతే మరి ఈ సంగతి వచ్చి చెప్పిందెవరని నేనొకసారి అడిగాను. నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

ఇప్పుడు చెప్పేది మా కనకదుర్గ పిన్నికి జరిగింది, రెండువేల నాలుగులో. సగం ఆవిడ నోట విన్నాను, సగం నా కళ్లతో చూశాను. నమ్మకపోతే మీ ఇష్టం.

మా పిన్ని నాటకాల మనిషి. కాపురం మెట్టకూరులో. రాణి వేషం కట్టి ఏడుపు పద్యం ఎత్తుకుందంటే చాపల మీద ఆడవాళ్లు ముక్కులు చీదేవారు, వెనక కుర్చీల్లో మగవాళ్లు "వన్స్ మోర్!" అని అరిచేవారు. మా వైపు పద్యం నచ్చితే అంతే, మళ్లీ పాడాల్సిందే. చచ్చిపోయిన పాత్రయినా లేచి పాడి మళ్లీ చావాల్సిందే.

ఇంకో రకం వన్స్ మోర్ కూడా ఉంది. అది ఆర్టిస్టులకే తెలుసు. పాడుతుండగా గొంతు జీరపోయి పద్యం విరిగిందనుకోండి — హార్మోనియం పెట్టె దగ్గర్నుంచో, జనంలోంచో ఓ పెద్దమనిషి "వన్స్ మోర్" అంటాడు. ఏం కాలేదమ్మా, మళ్లీ ఎత్తుకో అని దానర్థం.

ఆ ఏడు శివరాత్రి నాటకంలో మా పిన్నికి గొంతు విరిగింది. పద్యం చివర పైకెత్తి నిలబెట్టే చోట, సరిగ్గా అక్కడే. ఆ రోజు ఒక్కరంటే ఒక్కరు వన్స్ మోర్ అనలేదు. ఈలలు వేశారు. ఎవడో కోడిలా కూశాడు. పిన్ని కిరీటంతోనే స్టేజి దిగి ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత వంటింట్లో కూడా కూనిరాగం తియ్యలేదు. ఆవిడ నోరు మూసుకుని కూరలు తరుగుతుంటే చూసి నాకే ఏడుపొచ్చేది.

అలాంటిది, అడవిపొలంలో నాటకం ఒప్పుకున్నామని, కనకం పాడుతోందని, నాటకాల కంపెనీ నడిపే కృష్ణమూర్తిగారు ఆటోకి మైకు కట్టి ఊరంతా చెప్పించేశారు. నాటకం ముందురోజు రాత్రి అన్నాలు తిన్నాక పిన్ని లేచింది. అగ్రహారంలో ఆయన ఇంటికెళ్లి, రేపు కాదు, ఇంకెప్పుడూ పాడనని మొహమ్మీదే చెప్పేద్దామని. మెయిన్‌రోడ్డు మీద వెళ్తే కనిపించినవాళ్లల్లా "రేపు పాడతావంటగా?" అని అడుగుతారు. దాని కంటే దెయ్యమే నయమనుకుని అడ్డదారి పట్టింది.

మా లక్ష్మణరావు బాబాయి ఆపలేదు కూడా. ఆయన ఒకప్పుడు రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా కాసిన మనిషి, దెయ్యాలంటే ఒకటే నవ్వు.

"దెయ్యవా పాడా! ఎవడో లోపల టేప్ రికార్డరెట్టుకుని మందు కొడతన్నాడు. నువ్వెల్లిరా."

టార్చి ఉన్న సెల్‌ఫోను చేత్తో పట్టుకుని, వారం కిందటే కాకినాడలో కొన్న ఎర్రపట్టీల చెప్పులు టపటపలాడించుకుంటూ పిన్ని బయల్దేరింది. అడ్డదారిలో గాలి లేదు. కప్పలు కూడా అరవట్లేదు. బంగళా గేటు దాకా వచ్చేసరికి —

పాట మొదలైంది.

పిన్నికి కాళ్లు కదల్లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. టార్చి ఆర్పేద్దామంటే బటను దొరకలేదు. కానీ చెవులున్నాయి చూశారూ... అవి పాతికేళ్లు స్టేజి మీద పండిన చెవులు. భయపడుతూనే వింటున్నాయి. శ్రుతి ఎక్కడా తప్పలేదు. గొంతులో మంచి జీవం ఉంది. భాష తెలియకపోయినా అది ఏడుపు పాటేనని పిన్నికి తెలిసిపోయింది.

గొంతు పైకెళ్లింది... ఇంకా పైకి... పిన్ని తనకి తెలియకుండానే ఊపిరి బిగబట్టింది...

విరిగింది.

తన గొంతు విరిగినట్టే, సరిగ్గా అలాంటి చోటే. ఆ తర్వాతి నిశ్శబ్దం ఎలా ఉంటుందో పిన్నికి తెలుసు. నిలబడ్డ చోటే భూమిలోకి దిగిపోవాలనిపిస్తుంది. ఇంకేం ఆలోచించలేదు ఆవిడ. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

"వన్స్ మోర్!"

బంగళాలో ఏదీ కదల్లేదు. చాలాసేపు... ఆ తర్వాత లోపల్నుంచి చిన్నగా దగ్గు. గొంతు సవరించుకున్నట్టు!

పాట మళ్లీ మొదట్నుంచీ ఎత్తుకుంది. మెట్టు మెట్టూ ఎక్కింది. విరిగిన చోటికొచ్చింది. పిన్ని గేటు ఊచలు గట్టిగా పట్టుకుంది. గొంతు ఒక్క క్షణం వణికి... దాటేసింది! దాటి, పైన నిలబడింది. పిన్ని ఫోను చంకలో పెట్టుకుని రెండు చేతులా చప్పట్లు కొట్టింది. తలుపుల్లేని గుమ్మంలో తెల్లటి గౌనొకటి ఓసారి కిందికి వంగి లేచింది. మనవాళ్లు దణ్ణం పెట్టినట్టు, వాళ్లు అలా వంగుతారు కాబోలు.

అప్పుడు గుర్తొచ్చింది మా పిన్నికి, అది దెయ్యమని.

ఇంక చూస్కోండి. చెప్పులు అక్కడే ఊడిపోయాయి, చూసుకోలేదు. కృష్ణమూర్తిగారి ఇల్లు లేదు, చెప్పాల్సిన మాట లేదు. మెట్టకూరు దాకా ఒకటే పరుగు.

"టేప్ రికార్డరే," అన్నాడు బాబాయి నిద్రకళ్లతో.

"టేప్ రికార్డరు దగ్గుద్దేటండీ?" అంది పిన్ని.

తెల్లారింది. పాట చివరిదాకా విన్న మా పిన్ని నిక్షేపంలా బతికే ఉంది. చెప్పుల కోసం వెళ్లడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. పాతజత తొడుక్కుని చర్చి వెనక ఉండే జేవియర్‌గారి దగ్గరికి వెళ్లింది. ఆయన డెబ్భై దాటిన మనిషి. వాళ్ల తాత ఒకప్పుడు ఆ బంగళాలో వంటవాడు.

"ఫ్రెంచి దొరసాని ఎవరండీ?" అని అడిగింది.

జేవియర్‌గారికి కోపమొచ్చింది. "ఫ్రెంచావిడ కాదమ్మా! ఇంగ్లీషావిడ. మా తాత పోయేదాకా మొత్తుకున్నాడు. యానాంలో తెల్లగా కనపడితే ఫ్రెంచే అని కాయం చేసేత్తారు. పేరు మేబెల్ ఆష్‌బీ. మా తాత మేబులమ్మ అనేవోడు."

మేబులమ్మ ఇంగ్లండులో ఓ రేవు ఊళ్లో పుట్టిందట. తల్లి చేపలమ్మేది. ఈ పిల్ల చేపలపెట్టె మీద నిలబడి పాడితే బేరం ఆగి మరీ వినేవారట. ఓ నాటకాల కంపెనీ వాళ్లు విని వెంట తీసుకుపోయారు. మొదట తెరలు లాగింది, తర్వాత పనిమనిషి వేషాలేసింది. ఓ రాత్రి పెద్ద నటికి జ్వరమొస్తే ఆ వేషం ఈవిడకిచ్చారు. పాడింది. తెల్లారేసరికి లండను లండనంతా ఈవిడ పేరే! కార్డుల మీద ఆవిడ బొమ్మ, బిస్కట్ డబ్బాల మీద ఆవిడ బొమ్మ. ఆవిడ పెట్టుకున్నలాంటి టోపీ కోసం ఆడవాళ్లు కొట్టుకున్నారట.

ఆ తర్వాత ఓ రాత్రి, కిక్కిరిసిన హాల్లో, ఆవిడకి పేరు తెచ్చిన ఆ పాటలోనే, పై స్వరం దగ్గర గొంతు విరిగింది. జనం నవ్వారు. నారింజ తొక్కలు విసిరారు. ఆవిడ మళ్లీ ఆ స్టేజి ఎక్కలేదు. ఊళ్లు తిరిగే కంపెనీలో చేరి ఓడెక్కింది. బొంబాయి, కలకత్తా, మద్రాసు... ఎక్కడైనా పాడింది గానీ ఆ పాట మాత్రం పాడలేదు. కాకినాడలో కంపెనీ చెదిరిపోతే, ఇక్కడి ఫ్రెంచి వర్తకుడొకడు ఆ బంగళాలో ఉండమన్నాడు. అక్కడ, ఎవరూ లేనప్పుడు, రోజూ రాత్రి ఆ పాట ఎత్తుకునేది. రోజూ అక్కడే విరిగేది. రెండేళ్లకి విషజ్వరమొచ్చి పోయింది.

"మా తాత వంటింటి మెట్ల మీద కూర్చుని వినేవోడంట," అన్నారు జేవియర్‌గారు. "బాగుందమ్మా, ఇంకోపాలి పాడండి అందావనుకునేవోడంట. వంటోడు చెప్తే దొరసానికి ఏం బాగుంటాదిలే అని ఊరుకునేవోడంట."

పిన్ని కళ్లు తుడుచుకుంది. "నేనన్నానండి," అంది. ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ చెప్పలేదు.

ఆ రాత్రి పిన్ని మొహానికి రంగేసుకుంది.

మా ఇల్లు అడవిపొలంలోనే. నేను ముందు చాప మీద కూర్చున్నాను. బాబాయి చుట్ట కాల్చుకోవడానికి అందరికంటే వెనక, ఖాళీ కుర్చీల వరసలో ఒక్కడే కూర్చున్నాడు. హార్మోనియం చిన్నారావు శ్రుతి పట్టాడు. పిన్ని పద్యం ఎత్తుకుంది. పైకెళ్లింది... ఇంకొంచెం... ఇంకొంచెం...

విరిగింది.

పందిరంతా గప్‌చుప్. ఓ మూల ఈల మొదలైంది. కృష్ణమూర్తిగారు తెర దింపమని చెయ్యెత్తారు. పిన్ని కిరీటం మీద చెయ్యి వేసింది. అప్పుడు, వెనక చీకట్లోంచి, స్పష్టంగా —

"వన్స్... మోర్!"

ఆడగొంతు. మేమంతా "వన్సుమోర్" అని ఒక్క ఊపులో అనేస్తాం. ఈ గొంతు రెండు మాటలూ విడదీసి, తీరిగ్గా అంది.

కృష్ణమూర్తిగారు ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. చిన్నారావు మళ్లీ శ్రుతి పట్టాడు. పిన్ని వెనక వరస వైపు ఓసారి చూసింది, నవ్వింది, మొదట్నుంచీ ఎత్తుకుంది. విరిగిన చోటు దాటింది, పైకెళ్లి నిలబడింది. ఎంతసేపు నిలబెట్టిందంటే చిన్నారావు ఆయాసపడ్డాడు. ఇక పందిరి లేచిపోయింది. వన్స్ మోర్లే వన్స్ మోర్లు!

నాటకమయ్యాక చూస్తే బాబాయి ముందు చాప మీద, పిల్లల మధ్య, ఆరిపోయిన చుట్ట పట్టుకుని కూర్చున్నాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు.

"ఏవండీ, టేప్ రికార్డరేనా?" అంది పిన్ని.

"నా పక్క కుర్చీలోంచే వచ్చిందే," అన్నాడు బాబాయి లోగొంతుకతో. "తిరిగి చూత్తే అందులో ఎవరూ లేరు."

మేమందరం లైటు పట్టుకుని వెనక వరసకి వెళ్లాం. కుర్చీ ఖాళీగానే ఉంది. దాని కింద మాత్రం ఎర్రపట్టీల చెప్పులు, పక్కపక్కనే సర్ది పెట్టి ఉన్నాయి.

అందరం రెండడుగులు వెనక్కి వేశాం. పిన్ని మాత్రం ముందుకెళ్లి ఖాళీ కుర్చీకి దణ్ణం పెట్టి, చెప్పులు తొడుక్కుంది.

"కొత్తవే భవానీ, పోయాయనుకున్నాను," అంది నాతో. టపటపలాడించుకుంటూ ఇంటికి బయల్దేరింది, అడ్డదారినే, పాడుకుంటూ.