కోల్డ్ స్టోరేజీలో ఇంటర్వ్యూ

తలుపుకు బయట గడియ పడింది. ఏజెంట్ మార్క్ కంగుతిన్నాడు.

"సారీ మార్క్. అవతలివాళ్లు నన్ను బాగా చూసుకుంటున్నారు."

జ్యోతిర్మయి గొంతు. ఆరేళ్లు పక్క సీట్లో కూర్చున్న ఢిల్లీ ఆఫీసరు. ఇందాక అతన్ని లోపలికి తోసినప్పుడు ఒంటిమీద పట్టుచీర, చేతిలో పిస్టల్. డబుల్ ఏజెంట్.

గుంటూరు శివార్లలో కోల్డ్ స్టోరేజీ. చుట్టూ పైకప్పుదాకా మిర్చి టిక్కీలు, కాయలు కుక్కిన గోనెబస్తాలు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. చలికి పళ్లు టకటకలాడుతున్నాయి.

చీఫ్ పొద్దున్నే బ్రీఫింగ్ ఇచ్చాడు. "విదేశీ ముఠా. లేని యూనివర్సిటీ పేరుతో క్వాంటమ్ రీసెర్చ్ పోస్టుకు యాడ్ ఇచ్చారు. డెమో అడిగి కోడ్ కాజేస్తారు. టార్గెట్ అద్దంకి అమ్మాయి సిద్దికా. మన సైన్యం మెసేజ్‌లకు తాళం వేసే కోడ్ ఆమెది. ఇంటర్వ్యూ కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో, గేటు దగ్గర పోలీసుల్ని పెడతాను. నువ్వూ క్యాండిడేట్‌గా వెళ్లు." ముఠాకు అనుమానం రాకూడదని మార్క్ పేరిట పీహెచ్‌డీ చేశాడని దొంగ బయోడేటా అల్లి, అసలు యూనివర్సిటీలు పద్నాలుగింటికి కూడా పంపారు.

గోడలో పైపు, పైపులో ఫ్యాన్. ఏసీ కొనడం ఇష్టంలేని ఓనరు గోదాము చల్లగాలినే పక్కనున్న ఆఫీసు గదికి లాగించుకున్నాడు. అందులోంచి మాటలు వినపడుతున్నాయి.

"లాస్ట్ రౌండ్. మీ కోడ్ మా సర్వర్‌లో రన్ చేయండి," అంటోంది జ్యోతిర్మయి.

"పీహెచ్‌డీ అయ్యి మూడేళ్లండీ," సిద్దికా నవ్వింది. "లాస్ట్ రౌండ్ దాకా రావడం ఇదే."

మార్క్ పైపు దగ్గరికి జరిగాడు. అరుద్దామంటే ఆ పిస్టల్ సిద్దికా పక్కనే ఉంది.

అప్పుడు బుర్ర వెలిగింది. గుంటూరోణ్ణి తీసుకొచ్చి మిరపకాయల మధ్య పెడుతుందా ఈవిడ! అమ్మమ్మ దిష్టి తీసి పొయ్యిలో వేసేది గుప్పెడే, వీధంతా దగ్గేది. టిక్కీలోంచి కాయలు లాగి, గోనెముక్క మీద పోసి, ఫ్యాన్ ముందు పెన్ లైటర్‌తో అంటించాడు. ముక్కుకు కర్చీఫ్ బిగించాడు.

అర నిమిషం గడిచింది. అవతల దగ్గులు, తుమ్ములు, కుర్చీలు పడ్డ చప్పుడు, పరుగులు. గేటు దగ్గర కాపేసిన పోలీసుల విజిల్.

"సిద్దికా గారూ, పెన్‌డ్రైవ్ పీకెయ్యండి!" పైపులోకి అరిచాడు మార్క్.

"ఎవరండీ?" మిరప కళ్లాల్లో పెరిగిన మనిషి, సీట్లోంచి లేవలేదు.

"ఇంటెలిజెన్స్. ఆ యూనివర్సిటీయే లేదు."

"అప్‌లోడ్ తొంభై ఆరు పర్సెంట్ అయింది... అయితే పోస్టు?"

"అదీ లేదమ్మా."

అవతల సిద్దికా కుర్చీ కిర్రుమంది.

"తొంభై తొమ్మిది," అంది. ఆ తర్వాత, "పీకేశానండీ."

ఆమే వచ్చి గడియ తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఘాటండీ," అంది, అడక్కుండానే.

బయట సిగ్నల్ తగిలి మార్క్ ఫోన్ మోగింది. మెయిల్. ఓ అసలు యూనివర్సిటీ వాళ్లు క్వాంటమ్ రీసెర్చ్ పోస్టుకు డాక్టర్ మార్క్‌ని షార్ట్‌లిస్ట్ చేశారు.

డిగ్రీలో ఫిజిక్స్ రెండుసార్లు తప్పిన మార్క్, ఆమె కంట పడకుండా ఫోన్ చప్పున జేబులో వేసుకున్నాడు.