సురంగల్ దారిలో నీలం గేటు

మొయినాబాద్ దాటి సురంగల్ దారిలో కొంచెం దూరం పోతే ఎడమ పక్కన నీలం గేటు ఇల్లు ఒకటి ఉండేది. పొద్దు గూకాక ఆ ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే సైకిల్ వాళ్ళు గంట కొట్టుకుంటూ పోయేవాళ్ళు. స్కూటర్ వాళ్ళు వేగం పెంచేవాళ్ళు. నడిచేవాళ్ళయితే అసలు ఆ దారినే పోయేవాళ్ళు కాదు.

పగలంతా ఆ గేటుకు గొలుసూ తాళమూ. చీకటి పడితే మాత్రం — రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉండేవి. వరండాలో నూనె దీపం... దీపం పక్కన చాప, చాప మీద తెల్ల దుప్పటి, తలాపున చెంబుతో నీళ్ళు. పడుకునే మనిషే కనిపించడు. తెల్లారి చూస్తే మళ్ళీ గొలుసు, మళ్ళీ తాళం.

ఆ పడక బతికున్న మనిషి కోసం వేసింది కాదని ఊరంతా చెప్పుకునేది. ఒకాయన ధైర్యం చేసి కిరాయికి దిగి, నాలుగో రోజే ట్రాలీ ఆటో పిలిచి సామాను ఎక్కించాడు. రాత్రి తన చేత్తో బిగించిన గొలుసు నడిజాముకు ఊడి ఉండేదట. ఆ దెయ్యాన్ని చూసినవాళ్ళు ఊరినిండా ఉన్నారు గానీ ఆగి చూసినవాడు ఒక్కడూ లేడు. మనవాళ్ళ ధైర్యం సంగతి తెలిసిందే కదా.

ఈ కథ నాకు అశ్విని చెప్పింది. 2007లో మేమిద్దరం గచ్చిబౌలిలో ఒకే కంపెనీలో చేసేవాళ్ళం. కంపెనీ క్యాబ్ నన్ను చేవెళ్లలో ఎక్కించుకుని, మొయినాబాద్‌లో ఆమెను ఎక్కించుకునేది. అప్పుడు ఆ రోడ్డు పొడుగునా ప్లాట్ల బోర్డులే. చేను కనబడాలంటే బోర్డు పక్కకు వంగి చూడాలి. నేను దెయ్యాలను నమ్మను. అశ్విని కూడా నమ్మేది కాదు.

ఆమె, భర్త శ్రవణ్, అత్త సాయమ్మ — ముగ్గురూ అంతకు ముందు లింగంపల్లిలో కిరాయికి ఉండేవాళ్ళు. సాయమ్మకు కడుపులో కేన్సర్ ముదిరింది. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు దవాఖానలో. ఏ ఇంటికి? షాబాద్ పక్కన వాళ్ళ ఊర్లో ఉన్న మట్టి ఇల్లు అంతకు ముందటి వానలకు కూలి ఒక్క గోడ మిగిలింది. లింగంపల్లి ఓనరేమో మందుల కవర్లు చూసి, నెల తిరగకుండా ఖాళీ చెయ్యమన్నాడు.

కిరాయి ఇళ్ళల్లో బతికినవాళ్ళకు దీని అర్థం చెప్పక్కర్లేదు. కిరాయి ఇంట్లో పిల్లల్ని కనొచ్చు, పండగలు చేసుకోవచ్చు, చావడానికి మాత్రం లేదు. లింగంపల్లిలో పక్క వాటాలో ఒకామె చనిపోతే, ఓనరు ఒప్పుకోక, రోడ్డు మీద టెంటు వేసి బల్ల మీద పడుకోబెట్టారు. స్కూటర్లు హారన్ కొట్టుకుంటూ పక్క నుంచి పోతూనే ఉన్నాయి. సాయమ్మ కిటికీలోంచి అదంతా చూసింది. ఆ రాత్రి కొడుకు చెయ్యి పట్టుకుని గుసగుసగా అడిగింది.

"నన్ను బజార్ల పండవెట్టకు బిడ్డా. ఇంక నిన్నేం అడుగ."

అంతే. ఆ మరునాటి నుంచి శ్రవణ్ తల్లి చనిపోవడానికి ఒక ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు.

తమ ఊరికి దగ్గరగా ఉంటుందని మొయినాబాద్‌లో ఇల్లు చూడడానికి వచ్చారు. మొదట చూసింది వెంకటయ్య ఇల్లు. రోడ్డు మీదే, మొదటి అంతస్తు, కొత్త టైల్స్, గాలీ వెలుతురూ. క్యాబ్ సరిగ్గా గేటు ముందే ఆగుతుంది. అశ్విని అప్పుడే మనసులో మంచాలు, బీరువా సర్దేసుకుంది. వెంకటయ్య టీ తెప్పించి, ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగాడు. శ్రవణ్ దాచలేదు.

"అవ్వకు బాగలేదా? అయ్యో..." అన్నాడు వెంకటయ్య. నిజంగానే బాధపడ్డాడు. "ఉండుండ్రి తమ్మీ, నాకేం లేదు. కానీ ఆ గడియ వస్తే దవాఖానకే తీస్కపోవాలె. ఆడికెళ్ళి సీదా మీ ఊరికి. నా గడప లోపల మాత్రం వద్దు. ఇల్లు కట్టి ఏడాది గూడ గాలె."

ఆదివారం దాకా ఆలోచించుకోమన్నాడు. మెట్లు దిగుతుంటే అశ్విని భర్త మీద విసుక్కుంది.

"చెప్పకపోతే అయిపోతుండె గద."

"ఎన్ని రోజులు దాస్తం? ఆ రోజు వస్తే... అమ్మను చేతుల మీద పెట్టుకొని ఆయనతోని కొట్లాడాల్నా?"

కింద టీ కొట్టు నడిపే శకుంతలమ్మ ఇదంతా విన్నట్టుంది. గ్లాసులు కడుగుతూనే నీలం గేటు ఇల్లు కిరాయికి ఖాళీగా ఉన్న సంగతి చెప్పి, చివర్లో గొంతు తగ్గించింది. "పొద్దుండంగ పోయి చూడు బిడ్డా. రాత్రిపూట పోకు."

కానీ గచ్చిబౌలిలో పనిచేసేవాడికి పొద్దుండగా తీరిక ఎక్కడిది? మరునాడు ఆఫీసు నుంచి శ్రవణ్ ఒక్కడే బైకు మీద వచ్చాడు. అక్కడికి చేరేసరికి ఎనిమిది దాటింది.

దారిలో లైట్లు లేవు. గేటు ముందు బైకు ఆపి చూశాడు... తెరిచే ఉంది.

వరండాలో దీపం. చాప. తెల్ల దుప్పటి. అప్పుడే కడిగినట్టు నేల తడితడిగా మెరుస్తోంది.

"ఎవరన్న ఉన్నరా అండీ?"

జవాబు లేదు. రెండడుగులు లోపలికి వేశాడు. దుప్పటి మీద ఒక్క ముడత కూడా లేదు. ఎవరో ఇప్పుడే వచ్చి పడుకుంటారన్నట్టు ఒక మూల మడిచి పెట్టి ఉంది. శ్రవణ్ వెనక్కు తిరగబోయాడు —

"ఒచ్చినవా...?"

చీకట్లోంచి. చాలా మెల్లగా.

"ఒచ్చినవా నర్సింహా... ఎంత సేపాయె బిడ్డా..."

బైకు దాకా ఎలా వచ్చాడో అతనికే తెలియదు. కిక్కు కొట్టాడు. స్టార్ట్ కాలేదు. మళ్ళీ కొట్టాడు. కాలేదు. వెనుక నేల మీద కాళ్ళు ఈడుస్తున్న చప్పుడు... దగ్గరికి వస్తోంది... గేటు దాకా వచ్చి ఆగింది.

ఆ తర్వాత దగ్గు వినిపించింది. పొడి దగ్గు, ఆగకుండా, మనిషిని రెండుగా వంచేసే దగ్గు. దెయ్యాలకు దగ్గూ ఆయాసమూ ఉంటాయని శ్రవణ్ ఎక్కడా వినలేదు. తిరిగి చూశాడు.

గేటు రెక్క పట్టుకుని ఒక ముసలామె నిలబడి ఉంది. ప్రమీలమ్మ — ఆ ఇంటి ఓనరు. ఇంటి వెనుక రెండు గదుల్లో ఒక్కతే ఉంటుంది, పగలు వెనుక దారినే వచ్చిపోతుంది. ఊరిని భయపెట్టిన దెయ్యం ఆమే.

"నర్సింహవు గావా?" అంది. కాదని తెలిశాక అక్కడే గేటు కింద కూలబడింది. శ్రవణ్ చెంబులో నీళ్ళు తెచ్చి తాగించాడు. ఎవరితోనూ చెప్పుకోని మాట, ముక్కూ మొహం తెలియని అతనికి చెప్పింది.

నాలుగేళ్ళ కింద ముందు వాటాలో నర్సింహ అనే క్యాబ్ డ్రైవరు భార్యతో కిరాయికి ఉండేవాడు. కాల్ సెంటర్ వాళ్ళను రాత్రంతా తిప్పేవాడు. ఒక శ్రావణ మాసంలో, వరసగా రెండు డ్యూటీలు చేసి వస్తూ, నిద్ర తూగి లారీ కిందికి పోయాడు. దవాఖాన నుంచి శవాన్ని తెచ్చేసరికి రాత్రి. ప్రమీలమ్మ భర్త యాదయ్య గేటుకు గొలుసు వేసేశాడు. సొంత ఇంటివాళ్ళయినా బయట ప్రాణం పోయినవాళ్ళను గడప దాటనివ్వరు, కిరాయి వాళ్ళను ఎట్లా రానిస్తామన్నాడు. రేపు ఈ ఇంటికి ఇంకెవరొస్తారన్నాడు.

"నర్సింహ పెండ్లం గేటు పట్టుకొని అడిగింది. జర వరండాల పెట్టనియ్యమ్మా, వానకు తడుస్తున్నడు అన్నది. నేను కిటికీ కాడనే ఉన్న. చావి నా కొంగుకే ఉండె."

ఆమె కొంగు చివర వేళ్ళతో తడుముకుంది.

"తియ్యలె. తెల్లందాక వాన గొట్టింది. పిలగాని మీద పట్ట కప్పిన్రు. పట్ట మీద చినుకుల సప్పుడు... నాకు లోపలికి ఇనబడుతనే ఉండె."

ఏడాది తిరగకముందే యాదయ్య పోయాడు. నర్సింహ భార్య ఎక్కడికి వెళ్ళిందో తెలియదు. అప్పటి నుంచి చీకటి పడగానే ప్రమీలమ్మ వరండా కడిగి, పక్క వేసి, గేటు తీసి పెడుతోంది. ఎప్పుడో ఒకప్పుడు వచ్చి పడుకుంటాడని ఆమె ఆశ. పిచ్చి అనండి, ఇంకేమైనా అనండి. ఆ శవాన్ని వద్దన్న మనిషి ఇల్లు పాడవుతుందని వద్దన్నాడు, ఆ వద్దనడంతోనే ఇల్లు పాడైంది.

శ్రవణ్ తన తల్లి సంగతి చెప్పాడు. వెంకటయ్య అన్న మాట కూడా చెప్పాడు.

"తోల్కరా బిడ్డా," అంది ప్రమీలమ్మ. "ఈడనే పోనీ. ఈడనే పండవెట్టు. నేనున్న."

ఇంటికి వచ్చి చెబితే అశ్విని తల పట్టుకుంది. ఒక పక్క టైల్స్ ఇల్లు, ఇంకో పక్క దెయ్యాల ఇల్లు. రాత్రి పదింటికి క్యాబ్ దిగి ఆ చీకటి దారిలో తానొక్కతే ఎట్లా నడవాలి? ఆ మాటే అడిగింది. శ్రవణ్ మెయిన్ రోడ్డు దాకా వచ్చి తీసుకుపోతానన్నాడు. పక్క గదిలోంచి సాయమ్మ మూలుగు వినిపించింది. అశ్విని ఇంకేమీ అడగకుండా వంట సామాను మూటలు కట్టడం మొదలుపెట్టింది. ఆ పిల్ల మీద నాకు గౌరవం అక్కడ మొదలైంది.

రెండు నెలలు గడిచాయి. నలుగురు మనుషులు మసలుతుంటే దెయ్యాల ఇల్లు మామూలు ఇల్లయిపోయింది. సాయమ్మ, ప్రమీలమ్మ పగలంతా వక్క నములుతూ కబుర్లు చెప్పుకునేవాళ్ళు. చీకటి పడితే మాత్రం ప్రమీలమ్మ వరండాలో తన పక్క వేసి గేటు తీసి పెట్టేది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

మాఘ మాసంలో ఒక సాయంత్రం సాయమ్మకు ఊపిరి ఆడలేదు. కళ్ళ ముందు మనిషి గిలగిలలాడుతుంటే ఇంట్లోనే పోనిమ్మని ఏ కొడుకు కూర్చుంటాడు? అంబులెన్స్ పిలిచి భార్యాభర్తలిద్దరూ ఎక్కించుకుని పోయారు. దవాఖానలో దింపిన గంటకే ఆమె పోయింది.

తిరిగొచ్చేటప్పుడు అంబులెన్స్‌లో అశ్విని చాలాసేపు అత్త పాదాలు పట్టుకుని కూర్చుంది. తర్వాత మెల్లగా అంది —

"ఇంట్ల పోతె పెట్టనిస్త అన్నది ఓనరవ్వ. ఇప్పుడు... బయట పోయింది గద."

శ్రవణ్‌కు అప్పటిదాకా ఆ ఆలోచన రాలేదు. బయట పోయినవాళ్ళు గడప దాటకూడదు. ఇంత చేసి, చివరికి తానే తల్లిని బయటికి తీసుకొచ్చి చంపాడు. ప్రమీలమ్మ దగ్గర ఫోన్ లేదు. ముందుగా బతిమాలుకోవడానికి కూడా లేదు. పదకొండు గంటల రాత్రి ఆమె తలుపు తట్టి ఏమని అడగాలి? అతను మోకాళ్ళలో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అశ్విని ఏడుపు ఆపుకుని అతని వీపు నిమురుతూ కూర్చుంది.

అంబులెన్స్ సురంగల్ దారిలోకి తిరిగింది. ముందు సీట్లోంచి డ్రైవరు అన్నాడు, "ఆ లైట్లున్న ఇల్లేనా అన్నా?"

తల ఎత్తి చూశారు.

గేటు రెండు రెక్కలూ తెరిచి ఉన్నాయి. ఇంట్లో ఉన్న లైట్లన్నీ వెలుగుతున్నాయి. వరండాలో పక్క లేదు. ఆ చాపా, తెల్ల దుప్పటీ గడప లోపల, ముందు గది నడుమ పరిచి ఉన్నాయి. తలాపున దీపం. ప్రమీలమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది.

"రా సాయమ్మా," అంది, స్ట్రెచర్ మీది మనిషితో. "లోపలికి రా."

సాయమ్మను లోపల పడుకోబెట్టారు. కొడుకు అడిగింది తీర్చాడు. శ్రవణ్ ప్రమీలమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు.

"మీకు... ఎవరు చెప్పిన్రవ్వా?"

"డ్రైవరు జెప్పిండు గద బిడ్డా. గంట అయింది. గేటు కాడ నిలబడి, అవ్వ పోయింది, తెస్తున్నరు, పక్క లోపల ఏసి పెట్టుండ్రి అన్నడు."

స్ట్రెచర్ మడుస్తున్న అంబులెన్స్ డ్రైవరు ఆగిపోయాడు. యాభై ఏళ్ళ మనిషి, భారీ శరీరం. "నేను ఆడికెళ్ళి మీతోని ఇప్పుడే ఒస్తున్న గద," అన్నాడు శ్రవణ్ వైపు చూస్తూ.

ప్రమీలమ్మ అతన్ని తేరిపార చూసింది.

"నువ్వు గాదు. సన్నటి పిలగాడు, చీకట్ల మొఖం సరిగ్గ కనబడలె. నెత్తికెళ్ళి కాళ్ళ దాక తడిసి ఉండె. నీళ్ళు కారుతున్నయి."

బయట ఆకాశం నిండా చుక్కలు. ఆ ప్రాంతంలో చినుకు పడి మూడు నెలలయింది.

ఆ మాట అంటూ అంటూనే ఆమెకు కూడా తెలిసినట్టుంది. గోడ పట్టుకుని, సాయమ్మ తలాపున మెల్లగా కూర్చుంది. చాలాసేపటికి, లోపలున్నవాళ్ళకు కూడా సరిగ్గా వినపడనంత చిన్నగా చెప్పింది —

"లోపలికి రా బిడ్డా, తల తుడుచుకో అని నేనన్న... రాలె. నాకు బయట అలవాటైందమ్మా, ఆమెను రానియ్యి అన్నడు."