తాత కనిపించని సినిమా

ఆదివారం పొద్దున నాగేశ్వరి జొన్నరొట్టెలు కొడుతోంది. పక్కనే కూర్చున్న కూతురు నిషిత పిండి ముద్దలు చేసి అందిస్తోంది. ఫ్యాక్టరీల వైపు నుంచి ఘాటు వాసన కొడుతోందని కిటికీలన్నీ మూసేశారు. అంతలో నిషిత బాబాయి ప్రభాకర్ వాకిట్లో బండి ఆపి, చేతిలో పెన్‌డ్రైవ్ ఊపుకుంటూ లోపలికొచ్చాడు.

“అమ్మా, జల్దీ రా! నాయినను టీవీల చూద్దువు గాని.”

బియ్యం చెరుగుతున్న నాయనమ్మ ఆగమ్మ చాట అక్కడే వదిలేసి వచ్చింది.

నిషిత తండ్రి రాజశేఖర్ తీసింది ఒకటే సినిమా. గుమ్మడిదలలో నీళ్లు పాడై అమ్ముడుపోయిన పొలాల గురించి. బడులలో తెల్లగుడ్డ కట్టి ఊరూరా చూపించాడు. ఆయన పోయి రెండేళ్లవుతోంది. ఇప్పుడు హైదరాబాదులో ఒక కంపెనీ దాన్ని ఇళ్లలో చూసుకునేలా డిస్కుగా తెస్తోంది. సినిమాలో వాడకుండా మిగిలిన ముక్కలు కూడా కావాలని అడిగితే ప్రభాకరే తీసుకెళ్లి ఇచ్చాడు.

ఆ సినిమా చివర ఖాళీ పొలం గెట్టు ఒకటి చాలాసేపు కనిపిస్తుంది. మనుషులుండరు, పాట ఉండదు. బడిలో ఆడినప్పుడల్లా ఎవరో ఒకరు “అయిపోయిందా?” అని అడిగేవారు. నిషితకు సిగ్గుతో తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

ఇప్పుడు ప్రభాకర్ టీవీకి పెట్టిన పెన్‌డ్రైవ్‌లో మాత్రం, ఆ గెట్టు మీద కాలం చేసిన తాత కిష్టప్ప కూర్చుని ఉన్నాడు. తువ్వాలతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. వెనక వేణువు మోగుతోంది.

ఆగమ్మ టీవీ దగ్గరకు వెళ్లి తెర మీద ఆయన చెంప తడిమింది. “మీ తాతనే బిడ్డా! పొలం అమ్మిన నాటి తువ్వాల గది.”

నాగేశ్వరి పొయ్యి ఆర్పి వచ్చి గుమ్మంలో నిలబడింది. “గీ ముక్క ఆయన తీసేసిండు గద ప్రభాకర్. మల్ల ఎందుకు పెట్టిన్రు?”

“టైం సాలక తీసేసి ఉంటడు వదినా. సినిమాకు పానమే గిది అంటున్నరు కంపెనీవాళ్లు. సాయంత్రం వరకు నువ్వు సరే అంటే డిస్కులు కొడ్తరట.”

“నేననను.”

ఆగమ్మ గిర్రున తిరిగింది. “ఎందుకనవు? నీ మొగడు తీసిన సినిమా నీకున్నది. నాకేమున్నదే? ఆధార్ కార్డుల బొమ్మ పెద్దగ చేయించి గోడకు పెట్టిన్రు. గా ఫొటోల ఆయన దొంగ లెక్కున్నడు!”

“నేను గూడ మీ కొడుకును అడిగిన అత్తా, ఎందుకు తీసేసినవని. ‘గది సినిమాకు కాదు’ అన్నడు. ఇంకో మాట చెప్పలే.”

“పోయినోని మాట పట్టుకొని ఉన్నదాన్ని ఏడిపిస్తవా?”

“వదిన గూడ డైరెక్టర్ అయింది,” అని ప్రభాకర్ దెప్పాడు. నాగేశ్వరి కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెద్దవాళ్ల గొడవలో నిషిత ఎప్పుడూ నోరు విప్పదు. కానీ తెర మీద తాత పెదవులు కదులుతున్నాయి.

“బాబాయ్, తాత ఏదో అంటున్నడు. వేణువు మోతకు వినవడ్తలేదు.”

“గాలి మోత బిడ్డా. గందుకే సౌండ్ తీసేసిన్రు.”

నిషిత లోపలికి వెళ్లి తండ్రి ల్యాప్‌టాప్ తెచ్చింది. తండ్రి తీసిన అసలు ముక్క వెతికి పెట్టింది.

ముందు గాలి. దూరంగా ఫ్యాక్టరీ సైరన్. తరువాత తాత గొంతు.

“ఆపురా శేఖరా. ఊరోళ్లు చూస్తే నవ్వుతరు, గీ వయసుల ఏడుస్తుండని.”

“ఎవ్వరికి చూపను నాయినా. నీ మీద ఒట్టు.”

“మీ అమ్మకు గూడ చెప్పకు. తెలిస్తే బువ్వ ముట్టదు.”

కెమెరా ఒక్కసారి ఊగి నేల మీద కుదురుకుంది. ఇప్పుడు గెట్టు మీద మోకాళ్ల కిందికే కనిపిస్తోంది. తాత పగిలిన మడమల పక్కకు నాన్న బూట్ల కాళ్లు వచ్చి ఆనుకుని కూర్చున్నాయి. చాలాసేపటికి రెండు జతల కాళ్లూ లేచి వెళ్లిపోయాయి. కెమెరా ఆపడం మరిచిపోయారు. ఖాళీ గెట్టు. గాలి.

నిషిత గుర్తుపట్టింది. బడిలో అందరూ “అయిపోయిందా?” అని అడిగేది ఇదే. నాన్న ఒట్టు తప్పకుండా, తాతను వదలకుండా, సినిమాలో పెట్టుకున్నది ఇదే.

ప్రభాకర్ తల వంచుకున్నాడు. “నాకు తెల్వదు వదినా.”

“నాకు మాత్రం తెల్సా?” అంది నాగేశ్వరి, కళ్లు తుడుచుకుంటూ.

ఆ ఖాళీ గెట్టునే చూస్తూ ఆగమ్మ అంది, “ఫోన్ చెయ్ ప్రభాకరా. నా కొడుకు ఎట్ల పెట్టిండో గట్లనే ఉంచుమను. పీపీ పాట గూడ వద్దను. మీ నాయిన ఏడ్చుడు మనింట్లనే ఉండనియ్.”

ప్రభాకర్ ఫోన్ తీసుకుని వాకిట్లోకి వెళ్లాడు.

ఆగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని కోడలి చెయ్యి పట్టుకుంది. “రొట్టె పెట్టు నాగేశ్వరీ. నేను తినకపోతే ఆయన పరేషాన్ అయితడు.”

వేడి రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆమె నములుతూనే ఉంది.