గుమ్మటంలో మూసిన కుండ

మా ఆయన సుంకన్నకు ఒక జబ్బు. గోడ కనిపిస్తే చాలు, తాపీ పిడితో తట్టి చూస్తాడు. డొల్లగా మోగిందా, పగలగొట్టి మళ్ళీ పూయాల్సిందే. మేస్త్రీలంతా అంతే గానీ, ఈయనకు ఇంకాస్త ఎక్కువ.

ఆ ఎండాకాలం బెంగళూరు పాతపేటలో ఒక మసీదు మరమ్మతుకు బొమ్మనహళ్ళి నుంచి ఇద్దరం పోయేవాళ్ళం. పూత ఆయనది, సున్నం కలిపి అందించడం నాది. ఇస్తాంబుల్ చూసొచ్చిన వర్తకుడెవరో అక్కడి మసీదుల్లాగే కట్టించాడట. చెక్కిన పెన్సిళ్ళలా సన్నటి మినార్లు, నడుమ పెద్ద గుమ్మటం, దాన్ని మోస్తూ చుట్టూ అర గుమ్మటాలు. గుమ్మటం లోపలివైపు మట్టికుండలు పొదిగారు, నోళ్ళు కిందికి తెరిచి. నమాజు చేయించే పెద్దమనిషి గొంతు మూలమూలకూ చేరాలని.

"ఒక కుండ మూసుండాది. దాన్ని ముట్టొద్దప్పా," అన్నాడు మసీదు చూసుకునే బాబాజాన్ సాబు. "కట్టినోళ్ళే మూసినారంట. ఎందుకో మా తాతకీ తెలీదు."

మొండివాడు రాజుకన్నా బలవంతుడు. మధ్యాహ్నం సాబు భోజనానికి పోగానే పరంజా మీద టక్ టక్ మొదలైంది. దుమ్ము బయటికి పోకుండా కిటికీలకు గోనెపట్టాలు కట్టడంతో లోపలంతా చీకటి. ఒకచోట చప్పుడు డొల్లగా వచ్చింది.

"వద్దయ్యా," అన్నాను. నా మాటే గుమ్మటం చుట్టి వచ్చి నా చెవిలో పడింది.

పెచ్చు రాలింది. తడిమట్టి వాసన. అన్నేళ్ళు మూసిన కుండలో తడెక్కడిది?

"లోపల ఎవరో ఊపిరి తీస్తాండారే..." గుసగుసగా అన్నాడు.

అంతే. పిలిచాను... మళ్ళీ పిలిచాను...

కాసేపటికి దిగి వచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నా చేతిలోని సున్నం బాండ్లి లాక్కుని, ఎక్కిపోయి, ఆ కంతను ఒట్టి చేతులతో పూసేశాడు. పోనీలే, బుద్ధొచ్చింది అనుకున్నాను.

దిగి, "ఇంటికి పోదాం పా," అన్నాడు. గొంతు ఆయనదే. కానీ పూసింది తట్టి చూసుకోకుండా ఆయన ఏనాడూ దిగలేదు. మొన్నే కొన్న కొత్త తాపీ కూడా చేతిలో లేదు.

అప్పుడు పైన, తడి పూత లోపల నుంచి... టక్. టక్.

నేను పరంజా వైపు కదలబోయాను. నా మణికట్టు విరిగేలా పట్టుకుని వీధిలోకి ఈడ్చుకొచ్చాడు. ఆ సున్నం కలిపిచ్చింది నేనే.

మర్నాడు సాబు కాళ్ళు పట్టుకుని కుండ తెరిపించాను. లోపల ఎవరూ లేరు. ఆయన తాపీ ఉంది.

దాని పిడి సగానికి అరిగిపోయి ఉంది.